కాగ్నిటివ్ సైకాలజీ: ముందు ప్రయోగం, తర్వాతే సిద్ధాంతం

మనసు ఎలా గమనిస్తుంది, ఎలా గుర్తుంచుకుంటుంది, ఎలా ఆలోచిస్తుంది అన్నది చదివే కాగ్నిటివ్ సైకాలజీ మొదలుపెట్టిన వాళ్ళకి తొలి పాఠాల్లోనే మూడు డబ్బాల బొమ్మ ఒకటి ఎదురవుతుంది. ఒక డబ్బా మీద సెన్సరీ మెమరీ, ఇంకో దాని మీద షార్ట్ టర్మ్ మెమరీ, చివరి దాని మీద లాంగ్ టర్మ్ మెమరీ అని రాసి, మధ్యలో బాణాలు గీసి ఉంటాయి. చాలామంది దాన్ని అలాగే బట్టీ పడతారు. ఆ డబ్బాలు అసలెందుకు గీయాల్సి వచ్చింది, రెండు చాలవా, నాలుగు ఉండకూడదా అని అడిగితే మాత్రం జవాబు రాదు.

నేను కొత్తవాళ్ళకి ఈ సబ్జెక్టు చెప్పేటప్పుడు ఆ బొమ్మని చాలా రోజుల దాకా బోర్డు మీద వెయ్యను. ఈ రంగంలో ప్రతి సిద్ధాంతమూ ఏదో ఒక వింత ఫలితానికి జవాబుగా పుట్టింది. ఆ ఫలితం మీ మీదే జరిగితే, మీ స్టాప్‌వాచ్‌లోనే కనిపిస్తే, సిద్ధాంతాన్ని బట్టీ పట్టే అవసరం రాదు. అదృష్టం ఏమిటంటే, ముఖ్యమైన ప్రయోగాల్లో చాలావాటికి ల్యాబ్ అక్కర్లేదు.

తెల్ల కార్డులు ఒక కట్ట, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మీకోసం ఓ అరగంట కూర్చునే మనిషి ఉంటే చాలు. ఒక నోటుబుక్కు మాత్రం తప్పనిసరి. ప్రతి పేజీనీ నిలువుగా మూడు గడులుగా గీయండి. మొదటి గడిలో ఏం చేశారు, ఏం వచ్చింది. రెండో గడిలో దాన్ని వివరించే సిద్ధాంతం. మూడో గడిలో ఆ సిద్ధాంతానికి తగిలిన దెబ్బ, అంటే అది వివరించలేకపోయిన ఫలితం. మూడో గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ సిద్ధాంతం మీకు సగమే తెలిసినట్టు లెక్క. నా విద్యార్థుల నోటుబుక్కు తెరవగానే నేను ముందు చూసేది ఆ మూడో గడినే.

ఎదుట కూర్చున్న మనిషికి ముందే ఒక మాట చెప్పండి: ఇది తెలివితేటల పరీక్ష కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. కొన్ని ప్రయోగాల్లో అసలు సంగతి ముందుగా చెప్పకూడదు. అలాంటప్పుడు అయిపోయిన వెంటనే మొత్తం విప్పి చెప్పండి. దీన్ని లాంఛనంగా తీసుకోవద్దు. మీ మీద నమ్మకంతో కూర్చున్న మనిషి పట్ల ఇది మీ బాధ్యత.

కంటికి కనిపించని దాన్ని ఎలా కొలుస్తారు

మనసులో జరిగేది కనిపించదు. కానీ పనికి పట్టిన సమయం కనిపిస్తుంది, చేసిన తప్పులు కనిపిస్తాయి. ఈ రంగమంతా ఈ రెండింటి మీదే నిలబడింది. 1868లో డాండర్స్ అనే డచ్ శాస్త్రవేత్త ఒక తేలికైన లెక్క వేశాడు. ఒకే దీపం వెలిగినప్పుడు బటన్ నొక్కడానికి పట్టే సమయం ఒకటి. రెండు దీపాల్లో ఏది వెలిగిందో చూసి దానికి తగిన బటన్ నొక్కడానికి పట్టే సమయం ఇంకొకటి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది మనసు ఎంచుకోవడానికి తీసుకున్న సమయం. ఈ తీసివేతలో లోపాలున్నాయని తర్వాత తేలింది. ఒక మెట్టు కలిపితే మిగతా మెట్లు మారకుండా ఉంటాయన్న హామీ లేదు. అయినా ఆలోచన కొలతకి దొరుకుతుందన్న నమ్మకం అక్కడ మొదలైంది.

చరిత్ర కొంచెం తెలిస్తే చాలు. 1913లో వాట్సన్ మనసుని పక్కన పెట్టి, కనిపించే ప్రవర్తననే చదవాలన్నాడు. అమెరికాలో కొన్ని దశాబ్దాలు ఆ మాటే నడిచింది. 1948లో టోల్మన్, మలుపుల చిక్కుదారుల్లో (మేజ్‌లో) తిరిగే ఎలుకలకి తలలో ఒక పటం లాంటిది ఉంటేనే వాటి ప్రవర్తన అర్థమవుతుందని వాదించాడు. 1956 సెప్టెంబర్ 11న ఎంఐటీలో జరిగిన ఒక సమావేశంలో జార్జ్ మిల్లర్ జ్ఞాపకం హద్దుల గురించి, చామ్‌స్కీ వ్యాకరణం గురించి, నెవెల్, సైమన్‌లు తర్కాన్ని నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి ఒకే రోజు మాట్లాడారు. ఈ రంగం పుట్టినరోజు అదేనని మిల్లర్ తర్వాత అన్నాడు. 1967లో నైసర్ రాసిన పాఠ్యపుస్తకంతో పేరు స్థిరపడింది. ఇక పని మొదలుపెట్టండి.

మొదటి ప్రయోగం స్ట్రూప్‌తోనే

ఒక కాగితం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు చుక్కలు ముప్పై, క్రమం లేకుండా పెట్టండి. రెండో కాగితం మీద ఆ రంగుల పేర్లు ముప్పై రాయండి, కానీ ఏ పేరూ దాని సొంత రంగులో ఉండకూడదు. ‘ఎరుపు’ అన్న మాట నీలం సిరాలో, ‘పసుపు’ అన్న మాట ఆకుపచ్చలో. రెండు కాగితాల్లోనూ పని ఒకటే: రంగు చెప్పాలి, మాట చదవకూడదు. సమయం రాసుకోండి.

1935లో స్ట్రూప్ అనే సైకాలజిస్టు వంద అంశాలతో చేసినప్పుడు రంగు గళ్ళకి సగటున 63.3 సెకన్లు, పొంతన లేని మాటలకి 110.3 సెకన్లు పట్టాయి. మీ అంకెలు వేరుగా ఉంటాయి గానీ తేడా మాత్రం మొదటి మనిషిలోనే కనిపిస్తుంది. మనిషి తడబడతాడు, నవ్వుతాడు, మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెడతాడు.

ఇప్పుడు మూడో కాగితం. ఆ మనిషికి బొత్తిగా చదవడం రాని లిపిలో రంగుల పేర్లు రాసి అదే పని ఇవ్వండి. సమయం మళ్ళీ చుక్కల దగ్గరికి దిగుతుంది. ఈ కాగితం లేకపోతే మీ ప్రయోగం దేన్నీ రుజువు చెయ్యదు. అక్షరాల ఆకారమే గందరగోళం పెడుతోందేమోనన్న అనుమానాన్ని తీర్చేది ఇదే. దీన్నే కంట్రోల్ అంటారు. ప్రతి ప్రయోగం దగ్గరా ‘దీనికి కంట్రోల్ ఏది?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

రెండో గడిలో రాయాల్సింది ఆటోమేటిసిటీ. బాగా అలవాటైన పని మన అనుమతి అడగకుండానే జరిగిపోతుంది. మూడో గడికి ఇంకొంచెం పని ఉంది. కాగితంలో ఎక్కువ మాటలు సొంత రంగులోనే ఉండి, కొన్ని మాత్రమే పొంతన లేకుండా ఉంటే ఆ కొన్నిటి దగ్గర తడబాటు ఇంకా పెరుగుతుంది. ఎక్కువ మాటలు పొంతన లేకుండా ఉంటే తగ్గుతుంది. అంటే చదవడం పూర్తిగా మన చేతుల్లో లేని పని అనడానికి కూడా వీల్లేదు. సందర్భాన్ని బట్టి మనసు దాన్ని కొంత అదుపు చేస్తోంది.

ధ్యాస: ఒక సిద్ధాంతం ఎలా దెబ్బతిని మారుతుందో చూడాలంటే

మూడు గడుల పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక మనిషిని కూర్చోబెట్టి, ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు నిలబడి వేర్వేరు పేరాలు ఒకే గొంతు స్థాయిలో చదవండి. కూర్చున్న మనిషి ఎడమవైపు వినిపించేదాన్ని వెంటవెంటనే పైకి తిరిగి చెప్పాలి. ఒక నిమిషం తర్వాత కుడివైపు ఏం చదివారో అడగండి. ఆడగొంతా మగగొంతా చెప్పగలరు గానీ, విషయం దాదాపు ఏమీ చెప్పలేరు. 1953లో చెర్రీ ఇదే పని హెడ్‌ఫోన్లతో చేశాడు.

1958లో బ్రాడ్‌బెంట్ దీనికి సిద్ధాంతం ఇచ్చాడు. లోపలికి వచ్చే సమాచారాన్ని మనసు మొదట్లోనే ఒక ఫిల్టర్‌తో అడ్డుకుంటుంది. గొంతు, దిశ లాంటి పైపై లక్షణాలను బట్టి ఒక దారి తెరిచి మిగతావి మూసేస్తుంది. మూసిన దారిలో వచ్చిన దాని అర్థం మనసుకి చేరదు.

తర్వాతి ఏడాదే మోరే ఒక చిన్న మార్పు చేశాడు. వినని చెవిలో ఆ మనిషి పేరు చేర్చాడు. మూడో వంతు మంది గుర్తించారు. మీరూ చేయండి. కుడివైపు చదివే వ్యక్తి మధ్యలో మామూలుగా కూర్చున్నవారి పేరు చదివేయాలి, గొంతు పెంచకూడదు. ఎక్కువమందికి తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం చటుక్కున తల తిప్పుతారు. అర్థం లోపలికి చేరకపోతే ఆ పేరు తనదని ఎలా తెలిసింది?

ట్రీస్‌మన్ ఆ ప్రశ్నని వదల్లేదు. 1960లో ఆమె ఒక చెవిలో నడుస్తున్న కథని మధ్యలో హఠాత్తుగా రెండో చెవికి మార్చింది. కొందరు చెప్పిన చెవిని వదిలి, కథ వెంటే రెండు మూడు మాటలు వెళ్ళిపోయారు, వెళ్ళినట్టు వాళ్ళకే తెలియకుండా. దాంతో ఆమె సిద్ధాంతాన్ని సవరించింది. ఫిల్టర్ అవతలి దారిని మూసెయ్యదు, దాని వాల్యూమ్ తగ్గిస్తుంది. సొంత పేరు లాంటి ముఖ్యమైన మాటలకి కొంచెం శబ్దమే చాలు. 1963లో డాయిష్ దంపతులు ఇంకో అడుగు వేసి, అన్నిటి అర్థమూ లోపలికి వస్తుందని, ఎంపిక చివర్లో జరుగుతుందని వాదించారు. ఎంపిక మొదట్లోనా చివర్లోనా అన్న తగవు చాలా ఏళ్ళు నడిచింది. 1995లో లావీ ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది: చేస్తున్న పని కళ్ళకి, చెవులకి ఎంత బరువైనదన్న దాన్ని బట్టి ఉంటుంది. పని బరువైతే మిగతావి మొదట్లోనే ఆగిపోతాయి, తేలికైతే లోపలిదాకా వచ్చేస్తాయి.

వీళ్ళందరి పేర్లూ సంవత్సరాలూ కంఠస్థం చెయ్యమని ఎవరికీ చెప్పను. ఆ మనిషి తల తిప్పిన క్షణం గుర్తుంటే వరుస దానంతట అదే వస్తుంది: ఫిల్టర్, పేరు, వాల్యూమ్, బరువు. చూపుకీ ఇలాంటిదే ఉంది. 1999లో సైమన్స్, ఛాబ్రిస్ చూపించిన వీడియోలో బంతి పాస్‌లు లెక్కపెడుతున్న వాళ్ళలో దాదాపు సగం మంది, ఆటగాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళిన గొరిల్లా వేషాన్ని చూడలేదు.

జ్ఞాపకం: ఇక్కడ తొందరపడకండి

ఈ భాగానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి.

మొదట అంకెలు. సెకనుకి ఒకటి చొప్పున నాలుగు అంకెలు చదివి, అదే వరుసలో చెప్పమనండి. ఒక్కొక్కటీ పెంచుతూ పోండి. ఎక్కువమంది ఆరు, ఏడు, ఎనిమిది దగ్గర ఆగుతారు. 1956లో మిల్లర్ వ్యాసంలో ఉన్న ‘ఏడు, ఓ రెండు అటూ ఇటూ’ ఇదే. కానీ ఇక్కడ ఆగితే అసలు విషయం తప్పిపోతుంది. ఇప్పుడు పన్నెండు అంకెలు తీసుకోండి. అవి ఆ మనిషికి బాగా తెలిసిన మూడు సంవత్సరాలు అయి ఉండాలి, పుట్టిన సంవత్సరం ఒకటి కలపండి. నాలుగేసి అంకెల తర్వాత కొంచెం ఆగుతూ చదవండి. సునాయాసంగా చెప్పేస్తారు. పరిమితి అంకెల మీద లేదు, గుత్తుల మీద ఉంది. గుత్తి ఎంత పెద్దదన్నది ఇదివరకు మనకి తెలిసిన దాన్ని బట్టి ఉంటుంది. 1973లో చేస్, సైమన్ చదరంగం బోర్డుతో దీన్ని చూపించారు. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపిస్తే ఆరితేరిన ఆటగాడు చాలా పావులను తిరిగి పెట్టగలిగాడు. అవే పావుల్ని ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే అతనికీ కొత్తవాళ్ళకీ తేడా దాదాపు పోయింది. మూడో గడిలో 2001 నాటి కోవన్ మాట రాయండి: లోపల వల్లెవేసుకోవడాన్ని, గుత్తులు కట్టడాన్ని ఆపగలిగితే నిజమైన పరిమితి నాలుగు దగ్గరే ఉంటుంది.

రెండోది మరుపు. సంబంధం లేని మూడు హల్లులు చెప్పండి, ఉదాహరణకి ఝ, డ, ష. వెంటనే ఒక పెద్ద సంఖ్య ఇచ్చి మూడు మూడు తగ్గిస్తూ పైకి లెక్కపెట్టమనండి. 18 సెకన్ల తర్వాత అక్షరాలు అడగండి. 1959లో పీటర్సన్ దంపతులు చేసిన ప్రయోగంలో ఆ సమయానికి పదింట ఒకటి మాత్రమే సరిగ్గా వచ్చాయి. వల్లెవేసుకోనివ్వకపోతే షార్ట్ టర్మ్ మెమరీ కొన్ని సెకన్లలో చెరిగిపోతుందని వాళ్ళ వివరణ. ఇప్పుడు మీ నోటుబుక్కులో మొట్టమొదటి ప్రయత్నం ఫలితాన్ని విడిగా చూడండి. అది చాలావరకు సరిగ్గానే ఉంటుంది. రెండో మూడో ప్రయత్నం నుంచే మరుపు పెరుగుతూ పోతుంది. 1962లో కెపెల్, అండర్‌వుడ్ పట్టుకున్నది దీన్నే. కేవలం సమయం గడవడం వల్లే చెరిగిపోతే మొదటిసారి కూడా చెరిగిపోవాలి కదా. ముందు విన్న అక్షరాలు తర్వాత వాటికి అడ్డం వస్తున్నాయి. ఒకే పట్టికలో సిద్ధాంతమూ, దానికి తగిలిన దెబ్బా రెండూ దొరికే ఇలాంటి ప్రయోగాలంటే నాకు చాలా ఇష్టం.

మూడోది పదాల జాబితా. సంబంధం లేని పదిహేను పదాలు చదివి, ఏ వరుసలోనైనా రాయమనండి. మొదటి పదాలు, చివరి పదాలు బాగా గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. ఇంకో జాబితా చదివి, రాసే ముందు 30 సెకన్లు వెనక్కి లెక్కపెట్టించండి. చివరి పదాల లాభం పోతుంది, మొదటి పదాల లాభం అలాగే ఉంటుంది. ఇది 1966 నాటి గ్లాంజర్, క్యూనిట్జ్ ఫలితం. ఒకే అడ్డంకి ఒక చివరని దెబ్బకొట్టి ఇంకో చివరని ముట్టుకోలేదంటే రెండింటి వెనకా వేర్వేరు ఏర్పాట్లు ఉండాలి. ఇప్పుడు గీయండి ఆ డబ్బాలు. 1968లో ఆట్కిన్సన్, షిఫ్రిన్ ప్రతిపాదించిన నమూనా అదే. మొదటి డబ్బా, అంటే చూసినదాన్ని క్షణకాలం పట్టి ఉంచే సెన్సరీ మెమరీ, స్పెర్లింగ్ 1960లో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. సెకనులో ఇరవయ్యో వంతు సేపు పన్నెండు అక్షరాలు చూపిస్తే జనం నాలుగైదు మాత్రమే చెప్పారు. కానీ అక్షరాలు మాయమయ్యాక ఒక శబ్దంతో ఏ వరుస కావాలో సూచిస్తే ఆ వరుసలో నాలుగింట మూడు చెప్పగలిగారు. అంటే ఆ క్షణానికి బొమ్మ దాదాపు మొత్తం లోపల ఉంది, చెప్పేలోపు కరిగిపోతోంది.

డబ్బాలకి బలమైన సాక్ష్యం హెచ్.ఎం. అనే పేరుతో శాస్త్రానికి తెలిసిన హెన్రీ మొలైసన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆయన మెదడులో రెండువైపులా హిప్పోకాంపస్ అనే చోటులోని భాగాలు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంఘటన ఏదీ ఆయనకి నిలిచేది కాదు. కానీ అంకెలు విని వెంటనే చెప్పడం మామూలుగానే ఉంది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకీ మెరుగైంది, ముందెప్పుడూ గీసినట్టు గుర్తులేకపోయినా. అది కనిపెట్టింది బ్రెండా మిల్నర్. ఆయన గురించి చెప్పేటప్పుడు ఒక కేసుగా చెప్పి వదిలెయ్యడం నాకు చేతకాదు. మరణించే దాకా, 2008 దాకా, తనని పరీక్షించడానికి వచ్చిన వాళ్ళకి ఓపిగ్గా సహకరించిన మనిషి ఆయన. లాంగ్ టర్మ్ మెమరీ ఒకటి కాదని, నైపుణ్యం వేరు, సంఘటనలు గుర్తుండటం వేరు అని మనకి తెలిసింది ఆయన దయవల్లే.

దెబ్బ తగిలింది 1970లో. షాలిస్, వారింగ్టన్ పరిశీలించిన కె.ఎఫ్. అనే రోగికి షార్ట్ టర్మ్ మెమరీ బాగా దెబ్బతింది, రెండు మూడు అంకెలు నిలవడమే కష్టం. అయినా కొత్త విషయాలు నేర్చుకోగలుగుతున్నాడు. లాంగ్ టర్మ్ మెమరీకి వెళ్ళే ఏకైక దారి షార్ట్ టర్మ్ మెమరీయే అయితే ఇది జరగకూడదు.

1974లో బాడ్లీ, హిచ్ ఈ చిక్కుని విప్పారు. వాళ్ళు అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది: షార్ట్ టర్మ్ మెమరీని అంకెలతో నింపేస్తే మనిషి ఆలోచించగలడా? ఆరు అంకెలు పట్టుకుని తర్కం లెక్కలు చేయమన్నారు. వేగం తగ్గింది, తప్పులు పెద్దగా పెరగలేదు. కాబట్టి ఆలోచన జరిగే చోటు, అంకెలు నిలిచే చోటు పూర్తిగా ఒకటే కావు. మాటల్ని లోపల వల్లెవేసే ఫోనలాజికల్ లూప్, బొమ్మల్ని, స్థలాల్ని పట్టుకునే ఇంకో భాగం, ఈ రెండింటినీ నడిపే సెంట్రల్ ఎగ్జిక్యూటివ్. మొత్తాన్ని వర్కింగ్ మెమరీ అన్నారు.

లూప్‌ని మీరే పట్టుకోవచ్చు. కల, నది, చెట్టు, పలక, గాలి అనే అయిదు కార్డులు ఒక్కొక్కటిగా చూపించి వరుసలో చెప్పమనండి. తర్వాత విశ్వవిద్యాలయం, ప్రత్యామ్నాయం, అంతరిక్షనౌక, సహాయకుడు, వాతావరణం. పొడవైన పదాల్లో తప్పులు పెరుగుతాయి, ఎందుకంటే లోపల ఒక చుట్టు తిరిగి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే నిలుస్తుందని 1975లో బాడ్లీ, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఇప్పుడు కొత్త కార్డులతో, చూస్తున్నంతసేపూ, చెబుతున్నంతసేపూ గొణుగుతున్నట్టు ‘లలలల’ అంటూ ఉండమనండి, జవాబు రాయించండి. రెండు జాబితాలూ తగ్గుతాయి, పొట్టి పొడవుల తేడా పోతుంది. లూప్ ‘లలల’తో నిండిపోయింది మరి.

ఇంకో పని. కళ్ళు మూసుకుని మీ ఇంట్లో కిటికీలు మనసులోనే తిరుగుతూ లెక్కపెట్టండి. ‘లలల’ అంటూ కూడా గదులన్నీ తిరగొచ్చు, వేళ్ళు మడుస్తూ లెక్క ఉంచుకోవచ్చు. చేత్తో బల్ల మీద ఒక క్లిష్టమైన ఆకారాన్ని గీస్తూ తిరగండి, గదులు చెదిరిపోతాయి. రెండో భాగం ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ నమూనాకీ మూడో గడి ఉంది: మాటలూ బొమ్మలూ కలిసేది ఎక్కడ? పొందికైన వాక్యమైతే పదిహేను మాటలు కూడా ఎలా నిలుస్తున్నాయి? అందుకే 2000లో బాడ్లీ స్వయంగా ఎపిసోడిక్ బఫర్ అనే నాలుగో భాగం కలిపాడు. సెంట్రల్ ఎగ్జిక్యూటివ్ అసలు ఏం చేస్తుందన్నది ఇప్పటికీ ఈ నమూనాలో పలచని చోటే.

ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకానికి ఒక ప్రయోగం చాలు. పరీక్ష ఉందని చెప్పకుండా ముప్పై పదాలు చూపించండి. పదింటికి ‘ఇందులో ఎన్ని అక్షరాలు?’, పదింటికి ‘దీనికి ప్రాస కలుస్తుందా?’, పదింటికి ‘ఈ వాక్యంలో ఇది ఇముడుతుందా?’ అని అడగండి. తర్వాత గుర్తున్నవి రాయమంటే అర్థం అడిగిన పదాలు ముందుంటాయి. 1972లో క్రేక్, లాక్‌హార్ట్ చెప్పిన లెవెల్స్ ఆఫ్ ప్రాసెసింగ్ ఇదే: మాటని ఎంత లోతుగా, అంటే అర్థం దాకా వెళ్ళి చూస్తే, అంత బాగా గుర్తుంటుంది. దెబ్బ: లోతు అంటే ఏమిటంటే బాగా గుర్తుండేది, బాగా గుర్తుండేది ఎందుకంటే లోతుగా చూసింది కాబట్టి. ఈ వలయం ఒకటి. రెండోది 1977 నాటి మోరిస్, బ్రాన్స్‌ఫర్డ్, ఫ్రాంక్స్ ఫలితం: చివరి పరీక్ష ప్రాసల మీద పెడితే ప్రాస అడిగిన పదాలే గెలిచాయి. ఎలా నేర్చుకున్నాం అన్నది, ఎలా అడుగుతారు అన్నదానితో కలిసినప్పుడే పనికొస్తుంది.

లేని జ్ఞాపకాన్ని పుట్టించడం

ఈ పదాలు సెకనున్నరకి ఒకటి చొప్పున చదవండి: మంచం, దిండు, దుప్పటి, కల, ఆవలింత, గురక, కునుకు, మెలకువ, అలసట, రాత్రి, జోల, విశ్రాంతి. రెండు నిమిషాలు ఇంకేదో మాట్లాడండి. తర్వాత అడగండి: ‘గురక ఉందా? కుర్చీ ఉందా? నిద్ర ఉందా?’ చాలామంది నిద్ర ఉందంటారు, ఖాయంగా అంటారు. ఒక అమ్మాయి నేను ఆ పదం చదివిన గొంతు కూడా గుర్తుందని పట్టుబట్టింది. జాబితా చేతికిచ్చాక రెండుసార్లు పైనుంచి కిందికి చదువుకుంది. 1959లో డీస్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

జ్ఞాపకం అంటే దాచిన కాపీ తీసి చూడటం అనుకునే ఆలోచనకి ఇది పెద్ద దెబ్బ. 1932లోనే బార్ట్‌లెట్ ఈ సంగతి చెప్పాడు. తెలియని సంస్కృతికి చెందిన కథని చదివినవాళ్ళు తిరిగి చెప్పేటప్పుడు వింత భాగాలు వదిలేసి, తమకి అలవాటైన తీరులోకి మార్చేశారు. ఆ అలవాటు చట్రాన్నే స్కీమా అన్నాడు. 1974లో లోఫ్టస్, పామర్ కారు ప్రమాదం వీడియో చూపించి వేగం అడిగారు. ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అనే అర్థం వచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకి 40.8 మైళ్ళు, ‘తగిలినప్పుడు’ అంటే 31.8. ఇంకో బృందాన్ని వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగారు. గాజు అసలు లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, అంతకంటే మెత్తగా ‘ఢీకొన్నప్పుడు’ అన్న మాట విన్న 50 మందిలో 7గురు. సాక్షిని ఏ మాటలతో ప్రశ్నిస్తున్నారన్నది అక్కడితో చిన్న విషయం కాకుండా పోయింది.

ఆలోచన, నిర్ణయం

నాలుగు కార్డులు పెట్టండి: అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉన్నాయి. నియమం: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. నియమం నిజమా కాదా తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. సరైనవి అ, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమం చెడదు. ఏడు వెనక అచ్చు ఉంటే చెడుతుంది. 1960లలో వేసన్ ఇచ్చిన ఈ లెక్కని పదిమందిలో ఒకరు కూడా సరిగ్గా చెయ్యరు. అదే తర్కాన్ని ‘బీరు తాగుతుంటే వయసు నిండి ఉండాలి’ అనే నియమంగా మార్చి 1982లో గ్రిగ్స్, కాక్స్ అడిగితే నాలుగింట మూడు వంతుల మంది సరిగ్గా చెప్పారు. మనసు నిరాకారమైన తర్కంతో నడవదు, తెలిసిన పరిస్థితితో నడుస్తుంది.

ట్వర్స్కీ, కానెమన్ 1981లో వేసిన ప్రశ్న కూడా అడగండి, కానీ ఇద్దరు వేర్వేరు మనుషుల్ని. రోగం వల్ల 600 మంది చనిపోతారన్న అంచనా ఉంది. మొదటి మనిషికి: ఒక పథకంలో 200 మంది ఖాయంగా బతుకుతారు, ఇంకో దాంట్లో మూడింట ఒక వంతు అవకాశంతో అందరూ బతుకుతారు, లేదంటే ఎవరూ బతకరు. రెండో మనిషికి: ఒక పథకంలో 400 మంది ఖాయంగా చనిపోతారు, ఇంకో దాంట్లో మూడింట ఒక వంతు అవకాశంతో ఎవరూ చనిపోరు, లేదంటే అందరూ పోతారు. లెక్క ఒకటే. వాళ్ళ ప్రయోగంలో మొదటి రకంగా అడిగితే 72 శాతం ఖాయమైన పథకాన్ని ఎంచుకున్నారు, రెండో రకంగా అడిగితే 22 శాతమే. లాభంలా కనిపిస్తే భద్రత, నష్టంలా కనిపిస్తే సాహసం. దీని వెనకున్న ప్రాస్పెక్ట్ థియరీ 1979 నాటిది.

పర్సెప్షన్, అంటే కంటితో చెవితో గ్రహించడం, గురించి ఇక్కడ ఒక్క మాటే చెబుతాను. రెండు సమానమైన గీతలకి బాణం చివరలు ఒకదానికి లోపలికి, ఒకదానికి బయటికి గీసి, స్కేలుతో కొలవండి. సమానమని తెలిశాక కూడా కంటికి తేడాగానే కనిపిస్తాయి. తెలిసినది చూపుని ఎంతవరకు మార్చగలదన్న వాదానికి ఆ స్కేలు చాలు.

ఫలితం రాకపోతే

కొన్నిసార్లు పుస్తకంలో ఉన్నట్టు రాదు. దాన్ని దాచెయ్యకండి. 2015లో 100 సైకాలజీ ప్రయోగాలని మళ్ళీ చేసి చూస్తే 40 కంటే తక్కువే నిలబడ్డాయి. కాగ్నిటివ్ సైకాలజీవి సుమారు సగం నిలబడ్డాయి, సోషల్ సైకాలజీవి నాలుగో వంతు. పైన చెప్పినవి అలా జల్లెడ పట్టినా నిలిచిన గట్టి ఫలితాలని నేను ఎంచుకున్నవి.

అయినా రాలేదంటే ముందు చదివిన వేగం చూడండి. పదాలు నెమ్మదిగా చదివితే మనిషి వల్లెవేసుకుంటాడు. తర్వాత పదాలు చూడండి, జాబితాలో రెండు పదాలు ఒకదాన్నొకటి గుర్తుచేస్తుంటే ఆ జాబితా పనికిరాదు. కూర్చున్న మనిషికి ఈ ప్రయోగం ముందే తెలుసేమో అడగండి, గొరిల్లా వీడియో సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. ఒక్క మనిషి అంకెల మీద ఏదీ తేల్చకండి, కనీసం అయిదారుగురితో చేయండి. సగం మందికి తేలిక కాగితం ముందు, సగం మందికి కష్టమైనది ముందు ఇవ్వండి, లేకపోతే అలవాటు వల్ల వచ్చిన తేడాని అసలు తేడా అనుకుంటారు. వేగం, వరుస, పదాలు మొదటి గడిలో రాసి ఉంచితే, రాని ఫలితాన్ని కూడా వారం తర్వాత వేరే మనిషితో అచ్చంగా అలాగే మళ్ళీ చేసి చూడొచ్చు.